నిన్న కలిపిన మందు

కళ్లు తెరవొద్దన్నారు కాబట్టి రజితకు చెవులు తెరుచుకున్నాయి. మామూలుగా ఆమె వినే మనిషి కాదు, చూసే మనిషి. మందపాటి అద్దాల వెనక నుంచి దేన్నైనా ఒకటికి రెండుసార్లు చూస్తే గానీ నమ్మని మనిషి. ఇప్పుడా అద్దాలు ఎక్కడో ఒక ట్రేలో పడి ఉన్నాయి, తలకు ఆకుపచ్చ టోపీ ఉంది, ఒంటిమీద వెనక ముడేసే గౌను ఉంది, వనపర్తిలో కొత్తగా పెట్టిన కంటి దవాఖానలో లేజర్ గది బయట గోడవార కుర్చీలో తానుంది, పక్క కుర్చీలో బల్మూర్ నుంచి వచ్చిన ఉమ ఉంది. కళ్లలో మళ్లీ చుక్కలు వేసి కాసేపైంది. మొదట మండాయి, తర్వాత ఆ మంట కూడా తెలియకుండా పోయింది, ఇప్పుడు రెప్పల కింద కళ్లున్నాయో లేవో తెలియడం లేదు. ఉన్నాయో లేదో తడిమి చూసుకుందామంటే ముట్టుకోవద్దన్నారు. తెరవొద్దు, ముట్టుకోవద్దు, తల కదపొద్దు. వినొద్దని మాత్రం ఎవరూ అనలేదు, మరిచిపోయి ఉంటారు. అందుకే ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడూ, సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడూ, ఇద్దరు సిస్టర్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్న మాటలూ తిన్నగా వచ్చి ఆమె చెవిలోనే పడ్డాయి.

"కొత్త సీసా రాలేదక్కా, నిన్న కలిపిందే ఉన్నది."

"సార్‌కు చెప్పినవా?"

"చెప్పిన. అదే పెట్టుమన్నడు. పొర గీకే కేసులు మూడే గద."

"సరే, గ్లౌజులు రెండు జతలు ఏసుకో. చేతి మీద పడనియ్యకు, క్యాన్సర్ మందది."

ఫ్రిజ్ తలుపు మూసుకుంది, చెప్పుల చప్పుడు దూరమైంది, రజిత చెవులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. మూడు కేసులంటే తమతోపాటే వచ్చి లోపల బల్లమీద పడుకున్న సుప్రియ ఒకటి, తానొకటి, ఉమ ఒకటి, లెక్క సరిపోయింది, సరిపోకుండా ఉంటే ఎంత బాగుండేది. పొర గీకడమేంటి? ఐదు నిమిషాల్లో లేజర్ కొట్టి లేపుతారని కదా చెప్పింది, సూది లేదు కత్తి లేదు కుట్లు లేవని కదా తమను తీసుకొచ్చిన కోచింగ్ సెంటర్ జితేందర్ సార్ అన్నది, ఈ గీకుడు సంగతి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు? క్యాన్సర్ ఎవరికి? పొద్దున ఒక మిషను మీద గడ్డం ఆనించమంటే ఆనించింది, లోపల రోడ్డు చివర రంగుల బెలూను కనబడింది, మసకబారింది, మళ్లీ తేటపడింది, మిషను ముందు కూర్చున్నామె కాగితం చించుకుంది గానీ ఒక్క ముక్క చెప్పలేదు. అందులో ఏమైనా కనబడిందా? కనబడితే నాకు చెప్పకుండా జితేందర్ సార్‌కు చెప్పారా? అయినా ముగ్గురికీ ఒకేసారి వస్తుందా క్యాన్సర్, హాస్టల్లో జ్వరాలు వచ్చినట్టు? రాదు. అంటే రోగానికి కాదు, అందరికీ పెట్టే మందే అయి ఉండాలి. అందరికీ పెట్టే మందైతే ఎవరికీ ఎందుకు చెప్పలేదు? చేతి మీద పడకూడదని రెండు జతలు తొడుక్కునే మందును కంట్లో ఎలా పెడతారు? చేతికైతే తోలుంది. కంటికి ఉన్న ఆ ఒక్క పొరనూ గీకేస్తామనే అంటున్నారాయె.

"ఉమా, విన్నవా?" అంది పెదవులు కదపకుండా.

"ఏంది?" అంది ఉమ. ఆమె దండకం చదువుకుంటోంది, మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి కాబట్టి ఆపలేదు.

నిన్న కలిపిందట. నిన్న ఎవరి కోసం కలిపారో, ఎవరికి పెట్టగా మిగిలిందో. గద్వాల చుట్టుపక్కల విత్తనపత్తి చేలల్లో పెరిగిన పిల్లకు కలిపిన మందు సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. నాయిన ఏసురత్నం వీపున పంపు వేసుకుని సాళ్ల మధ్య నడుస్తుంటే అమ్మ సారమ్మ డ్రమ్ములో కట్టెతో తిప్పుతూ ఉండేది, తిప్పడం ఆపితే మందు అడుగుకు దిగుతుంది, పైన ఉత్త నీళ్లు, కింద ఉత్త విషం. పొద్దుగూకేసరికి మిగిలితే గట్టు మీద పారబోసేది, కలిపినంక మందుకు ఒక్కపూటే పాణమని అనేది. ఒకసారి చేనాయన పిసినారితనానికి పోయి నిన్నటి డ్రమ్మే పంపులో పోయించాడు. నాయిన ఏమీ అనలేదు, అనే అలవాటు ఆయనకు లేదు, తడిసిన చొక్కాతోనే చేనంతా కొట్టి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఆ రాత్రంతా కళ్లు రుద్దుకుంటూనే ఉన్నాడు. తర్వాత వారానికి ఆ చేలో ఆకులు ఒక పక్క మాడిపోయి, ఇంకో పక్క పురుగు అలాగే ఉండి, చేనాయన నాయిన మీదే ఎగిరాడు. అయితే ఏంటి, పత్తి మందుకూ కంటి మందుకూ పోలికేంటి, అది డ్రమ్ము, ఇది ఫ్రిజ్, వీళ్లు చదువుకున్నవాళ్లు అని రజిత తనను తానే కసురుకుంది. ఫ్రిజ్‌లో పెడితే నిలవ ఉంటుందేమో. ఎన్నాళ్లు ఉంటుందో రాసి ఉంటుందేమో. ఆ సీసా మీద రాసి ఉందో లేదో ఆ సిస్టరు చూసిందో లేదో, చూస్తే సార్‌కు చెప్పినవా అని ఇంకొకామె ఎందుకు అడిగింది? మంచిదైతే చెప్పాల్సిన అవసరమేముంది? అనుమానం పెనుభూతం అంటారు గానీ ఆ భూతం కూడా ఉత్తి పుణ్యానికి లేవదు, ఎవరో ఒకరు గొంతు తగ్గించి మాట్లాడితేనే లేస్తుంది.

గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లలో జితేందర్ సార్ మొదటివాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. గద్వాలలో కోచింగ్ సెంటర్ పెట్టి, తెల్లారకముందే పిల్లలను కాలేజీ గ్రౌండుకు తోలి, ఎవరి కాలికి బూట్లు లేకపోయినా తానే వెతికి తెచ్చి, ఆడపిల్లలను ఇళ్ల నుంచి పంపించడానికి తల్లిదండ్రుల దగ్గర గంటలు గంటలు కూర్చుని, నలుగురితో శభాష్ అనిపించుకున్న మనిషి. కానిస్టేబుల్ పరీక్షకు రజిత పరుగు పందెం చూసి, నీ కాళ్లకు తిరుగు లేదు బిడ్డా, నీ కండ్లే నిన్ను ముంచుతయి అన్నాడు. ఆ మాట నిజం, అద్దాలుంటే ఆ ఉద్యోగం రాదు, దానికోసం ఏడ్చిన ఏడుపు దిండుకే తెలుసు. ఆ తర్వాతే ఈ దవాఖాన మాట ఎత్తాడు. కొత్తకోట హైవే మీద లారీలకు పంచర్లు వేసే మహేందర్ షెడ్డు నెత్తిన ఈ దవాఖాన పెద్ద బోర్డు ఉంది, ఒక అమ్మాయి కళ్లద్దాలు గాల్లోకి విసిరేసి పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటుంది, ఆ మహేందర్ కూతురే సుప్రియ, రోజూ ఆ బోర్డు నీడలోనే ఉంటుంది కాబట్టి మొదట ఊ కొట్టింది ఆమే. ముగ్గురు ఒకేసారి వస్తే బ్యాచి అయితది, మిషను హైదరాబాద్ నుంచి మన కోసమే వస్తది అన్నాడు సార్. మన కోసం మిషను రావడమేంటి, మనమెవరం? ముగ్గురిని తెస్తే ఆయనకేమైనా మిగులుతుందా? ఏమీ మిగలకపోవచ్చు, గోడ మీద మన ఫొటోలు అంటించుకోవడానికే కావచ్చు. పోయినసారి మన సెంటర్ వంశీ చేయించుకుండు, ఇప్పుడు డ్యూటీల ఉన్నడు అని ఆశ పెట్టాడు. ఆ వంశీని రజిత గద్వాల అంగట్లో బందోబస్తులో చూసింది. పొద్దు వాలిపోయినా నల్లద్దాలు తీయలేదు. అద్దాల కింద నుంచి నీళ్లు కారుతుంటే, ఏందన్నా అంటే దుమ్ము అన్నాడు. జేబులోంచి చిన్న సీసా తీసి రెండు కళ్లలో పిండుకున్నాడు. రోజుకు ఎన్నిసార్లు ఏసుకుంటవన్నా అని అడిగితే, నొచ్చినప్పుడల్లా అన్నాడు. ఆ సీసా మీద కాగితం ఊడిపోయి ఉంది. ఆ సంగతి ఆరోజు సార్‌ను అడగాల్సింది, అడగలేదు, సార్ మొహం చిన్నబోతుందని.

మొహమాటం కళ్లకంటే ఎక్కువైపోయింది అందరికీ. పొద్దున కౌంటర్ దగ్గర జరిగింది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. ముందు అద్దాలు తీసుకున్నారు, తర్వాత చుక్కలు వేశారు, ఆ తర్వాత కాగితాలు ఇచ్చారు. ఈ వరస ఎవరు పెట్టారో గానీ వాళ్ల తెలివికి దండం పెట్టాలి. కౌంటర్ అమ్మాయి కట్టను చివరి పేజీ దగ్గర తెరిచి, గోరుకు ఎర్ర రంగున్న వేలు పెట్టి, ఇక్కడొకటి, ఇక్కడొకటి, వెనకొకటి అంది. ఇంగ్లీషు అక్షరాలు, ఆవాలు పోసినట్టు. మొదటి కట్ట రజిత చేతికే ఇచ్చింది. రజిత అలవాటు కొద్దీ మొదటి పేజీకి తిప్పింది, రెండో పేజీ కూడా తిప్పింది, కళ్లు భగ్గుమని మండుతున్నాయి, నీళ్లు కారుతున్నాయి, వెనక ఇంకో ఊరి ముసలాయన ఏమైంది తల్లీ అని గొణుగుతున్నాడు, జితేందర్ సార్ గడియారం చూసుకుంటున్నాడు. నువ్ కానియ్యే అని కట్ట సుప్రియ చేతిలో పెట్టి కళ్లు తుడుచుకుంది. సుప్రియ టకటకా పెట్టేసింది. సుప్రియ లెక్కల్లో అందరికంటే ముందుండే పిల్ల, వాళ్ల నాయిన షెడ్డులో పైసా తేడా వస్తే పట్టుకునే పిల్ల, ఆమె పెట్టిందంటే చూసే పెట్టి ఉంటుందని తన కట్ట మీద తానూ పెట్టింది. ఇద్దరూ పెట్టారు కదా అని ఉమ పెట్టింది. వీళ్లు పెన్ను మూత పెట్టకముందే సాక్షి అని ఉన్నచోట సార్ మూడు సంతకాలు గీకేశాడు. గుంపులో గోవిందా.

గుంపు అన్న మాట వస్తే చాలు రజితకు మేస్త్రీ వాకిలి గుర్తొస్తుంది. వానలు మొహం చాటేసిన ఏడాదల్లా వాళ్ల వాడలో సగం ఇళ్లకు తాళాలు పడేవి, గుంపు మేస్త్రీ వెంట పుణెకో బెంగుళూరుకో కట్టడాల పనికి పోయేవాళ్లు. పోయేముందు మేస్త్రీ వాకిట్లో అందరూ నిలబడాలి, ఒక కాగితం మీద వేలిముద్రలు పడాలి. ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ముందు నిలబడ్డ మనిషి వెనక ఇంతమంది ఉన్నారు కదా అని వేలు పెట్టేవాడు, వెనకవాళ్లు ముందాయన పెట్టాడు కదా అని పెట్టేవాళ్లు. ఒక్క వేలు పడితే చాలు, మిగతావి వాటంతట అవే వరసగా పడేవి. రజితకు చదువు వచ్చిన కొత్తలో ఎవరో ముచ్చటపడి ఆమెను మంచమెక్కించి, చదువు బిడ్డా అన్నారు. మేస్త్రీ క్రిస్మస్ నాటికి అందరినీ ఇల్లు చేరుస్తానని మాటిచ్చి ఉన్నాడు, కాగితంలో మాత్రం పని పూర్తి అయ్యేవరకు అని ఉంది. ఆమె అదే గట్టిగా చదివింది. మేస్త్రీ నవ్వి, మస్తు చదివినవ్ పో అని తల నిమిరాడు. తర్వాత ముందాయన వేలు పెట్టాడు, మిగతావాళ్లు పెట్టారు, నాయిన కూడా పెట్టాడు, మంచం మీద నిలబడ్డ బిడ్డ వైపు చూడకుండా పెట్టాడు. ఆ ఏడు క్రిస్మస్‌కు ఎవరూ ఇల్లు చేరలేదు, తానూ నానమ్మా ఇద్దరే చర్చికి పోయారు. ఆ తర్వాత మేస్త్రీ ఆమె బడిలో ఉన్న వేళ చూసి కాగితం పంపేవాడు. నాయిన మీద ఆమెకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు, ఎక్కడికీ పోదు కూడా, ఆయన దగ్గు వినబడినప్పుడల్లా లేచి కూర్చుంటుంది.

ఇప్పుడు బయటి గదిలోంచి వినబడుతోంది, ఆయనా వెంట వచ్చాడు. పొద్దుటి నుంచి తలుపు పక్కన నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోడు. కౌంటర్ అమ్మాయికి కూడా దండం పెట్టాడు. బిడ్డ కళ్లకు ఏం చేస్తారని ఒక్కరినీ అడగలేదు. సిమెంటు పనిలో ఆయన వేళ్ల గీతలు అరిగిపోయి రేషన్ షాపు మిషను ఎప్పుడో ఆయన్ను గుర్తుపట్టడం మానేసింది, డీలరు ఇంకో మిషను తెచ్చి కంటికి పెడతాడు, వేలు పోతే పోయింది కన్నున్నది లేవయ్యా అంటాడు. మరి నా కంటిని గీకినాక ఆ మిషను నన్ను గుర్తుపడుతుందా? పిచ్చి ఆలోచన, కనుగుడ్డు ఎక్కడికి పోతుంది. కానీ ఇలాంటివి ఎవరినైనా అడగొచ్చా, అడిగితే నవ్వుతారా? నాయినకు ఈ ఉద్యోగం ఎందుకు అంత ముఖ్యమో ఆమెకు తెలుసు, పోలీసు బిడ్డ ఉన్న ఇంటి ముందుకొచ్చి మేస్త్రీ కేకేయడు, అంతే, అంతకుమించి ఆయనకు ఏ కోరికా లేదు. ఆమెకూ కావాలి ఆ ఉద్యోగం. దుమ్ములో, మంచులో, పురుగులు మొహానికి కొడుతుండగా పరుగెత్తింది దానికే. ఇప్పుడు లేచిపోతే మిషను సాయంత్రానికి వ్యానెక్కి పోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, ఈసారి కంటి పరీక్ష చేజారుతుంది. లేవకపోతే నిన్నటి మందు. కళ్లు పోతే ఉద్యోగమేంటి, పత్తి చేలో పువ్వు దులపడానికి కూడా ఎవరూ పిలవరు. అయినా కళ్లు పోతాయని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. పోవని కూడా ఎవరూ అనలేదు, అదే కదా బాధ. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు, వాళ్లకు కనీసం రెండూ కళ్లకు కనబడ్డాయి.

లోపల మిషను టకటకమంటోంది, పచ్చ లైటే చూడమ్మా, కదలొద్దు, వెరీ గుడ్ అని డాక్టర్ రాఘవేందర్ గొంతు వినబడుతోంది, మెత్తని గొంతు, అంత మెత్తగా ఎందుకు మాట్లాడుతున్నాడో. తలుపు సందులోంచి వాసన వచ్చింది. పండుగకు మేకతలకాయ మంట మీద కాల్చినప్పుడు వచ్చే వాసన, వెంట్రుక కాలిన వాసన. ఉమ దండకం ఆగిపోయింది. ఏంది గా వాసన అని అడిగింది, రజితకు తెలుసు గానీ చెప్పలేదు, అది సుప్రియ కన్ను అని ఎలా చెబుతుంది. కాసేపటికి మిషను ఆగింది. చల్లనిది పెడతాం, ఓర్చుకో అన్నాడు డాక్టరు. లోపల ఎవరూ మాట్లాడలేదు, గోడ గడియారం ఒక్కటే కొట్టుకుంటోంది. ఆ చప్పుడు లేని సేపంతా రజిత కుర్చీ అంచులు పట్టుకుని కూర్చుంది. ఇప్పుడే, ఈ క్షణమే పెడుతున్నారు, రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, నిన్నటిది. లేచి ఆపండి అని అరవాలనిపించింది, నోరు రాలేదు. అరిస్తే సుప్రియ కదులుతుంది, కదిలితే ఇంకేమవుతుందో. ఇలాంటి సాకులు నాయిన వెతుక్కునేవాడు. తనకూ వస్తున్నాయి, బాగానే వస్తున్నాయి. సిగ్గేసింది.

తలుపు తెరుచుకుంది. సిస్టరు సుప్రియను భుజం పట్టి తెచ్చి రజితకు ఇంకోపక్క కుర్చీలో కూర్చోబెట్టింది, నల్లద్దాలు తీయకు, కళ్లు నలపకు అని చెప్పి లోపలికి పోయింది. రజిత కళ్లు తెరిచింది. అంతా తెల్లగా, పచ్చగా, అంచుల్లేకుండా ఉంది. సుప్రియ మొహంలో రెండు నల్ల మచ్చలు మాత్రం తెలుస్తున్నాయి.

"అయిపోయిందే," అంది సుప్రియ. "ఏం నొప్పి లేదు. ఉత్తగనే పరేషాన్ అయినం."

"పొర గీకిండ్రా?"

"ఏందో బ్రష్ లెక్క తిప్పిండ్రు. లైటు కొట్టినంక సల్లగ ఏందో పెట్టి, మస్తు నీళ్లతోని కడిగిండ్రు. ఎందుకే?"

"ఆ సల్లటి మందు నిన్న కలిపిందంట. క్యాన్సర్ మందంట. కాగితంల రాసిండ్రా దాని గురించి?"

సుప్రియ చేయి చాచి గాలిలో వెతికితే రజిత ఆ చేయి అందుకుంది.

"నన్నడుగుతవేందే? సదివింది నువ్వు గదా."

"నేనేడ సదివిన?"

"కట్ట ఫస్టు నీకే ఇచ్చింది. నువ్వు పేజీలు తిప్పి చూసినవ్, చూసి నాకిచ్చి కానియ్యే అన్నవ్. నువ్వు సదవంది ఏదీ వదలవు గదా, బస్సు టికెట్ గూడ సదువుతవ్. అందుకే నేను చూడకుండ పెట్టిన."

ఇంతసేపూ రజిత ఎవరెవరిని అనుమానించిందో వాళ్లంతా ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నట్టయింది. సిస్టర్ల గుసగుసలు, సార్ గడియారం, డాక్టరు మెత్తని గొంతు, వంశీ సీసా, అందరి లోపలా ఏముందో చూడబోయింది గానీ తన చేతిలోంచి కట్ట సుప్రియ చేతిలోకి పోయిన ఆ క్షణంలో ఏముందో చూడలేదు. మేస్త్రీ వాకిట్లో ముందు నిలబడే మనిషి ఎవరని ఇంతకాలం ఆమె ఎవరెవరినో తిట్టుకుంది. ఈరోజు ముందు నిలబడ్డది తానే. వెనక ఇద్దరు పెట్టారు. ఒకరి కళ్లు అప్పుడే అయిపోయాయి. ఏడుపు వచ్చింది, ఏడిస్తే కళ్లలో చుక్కలు పోతాయని కూడా తోచింది, పోతే పోనీ అనుకుంది. సుప్రియ చేయి చల్లగా ఉంది. తన గుండె దడ ఆ చేతికి తెలియకుండా ఉంటే బాగుండు.

"రజిత ఎవరమ్మా, లోపలికి రా," అని సిస్టరు పిలిచింది.

"నా కాగితాలు తెండ్రి సిస్టర్," అంది రజిత. "సుప్రియవి గూడ."

"ఇప్పుడెందుకమ్మా కాగితాలు?"

"సదవాలె. నిన్న కలిపిన మందు సంగతి అండ్ల ఉన్నదో లేదో చూడాలె."

సిస్టరు తనలో తాను ఏదో అనుకుని వెళ్లింది. ఆమెకంటే ముందు జితేందర్ సార్ వచ్చాడు, గొంతు తగ్గించుకునే వచ్చాడు.

"ఏమైంది బిడ్డా? భయమైతుందా? సుప్రియ చూడు, ఎంత నిమ్మలంగ కూసున్నదో."

"భయం కాదు సార్. మీరు సాక్షి సంతకం పెట్టిండ్రు గదా, అండ్ల ఏమున్నదో మీకు తెల్సా?"

సార్ అందరికీ పెట్టేదేనని, ఇదంతా రూలని, మిషను పోతదని, ఒకదాని మీద ఒకటి చాలా చెప్పాడు, అడిగింది మాత్రం చెప్పలేదు. ఇంతలో డాక్టర్ రాఘవేందర్ మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ బయటికి వచ్చాడు. కోపంగా లేడు, విసుగ్గా మాత్రం ఉన్నాడు.

"ఏంటమ్మా, ఏదో మందు గురించి అడుగుతున్నావట? అది మచ్చ పడకుండా పెట్టేది. కొద్ది సెకన్లు పెట్టి కడిగేస్తాం. ఫ్రిజ్‌లో పెడితే పాడవదు. ఎన్నో ఏళ్లుగా ఎంతోమందికి పెడుతున్నాం."

"ఎన్నిరోజులు పాడుకాదు సార్?"

"అవన్నీ మేం చూసుకుంటాం."

నిజమే చెబుతున్నాడేమో. చెప్పిన తీరులో అబద్ధం వినబడలేదు, కానీ ఈ మాటలు ఇప్పుడు, సుప్రియ కళ్లకు పెట్టేసిన తర్వాత, అడిగితేనే ఎందుకు బయటికి వచ్చాయి? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, అమ్మ కనీసం తిన్నాక అడగమనదు. సిస్టరు కాగితాల కట్టలు తెచ్చి ఒళ్లో పడేసింది. అద్దాలు ఇంకా ట్రేలోనే ఉన్నాయి. పవరు ఆరు దాటిన కళ్లకు అద్దాలు లేకుండా అక్షరం కనబడాలంటే కాగితం ముక్కుకు ఆనాలి, పొద్దున అంతమందిలో అలా చదవడానికి నామోషీ అనిపించింది, ఇప్పుడు ఆ నామోషీ ఎటు పోయిందో తెలియదు. గౌను అంచుతో కళ్లు ఒత్తుకుని, కాగితం ముక్కుకు ఆనించుకుని, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో లోపల చదువుకుని పైకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఉమ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. పైపొర తీసి చేసే పద్ధతి అని ఉంది. చూపు తగ్గే అవకాశం, మచ్చ పడే అవకాశం, రాత్రిళ్లు వెలుగులు చెదిరే అవకాశం, అన్నీ ఉన్నాయి. ఆ మందు పేరు మాత్రం లేదు. డాక్టరుకు అవసరమని తోచిన ఇతర మందులు అని ఉంది. డాక్టరు గడియారం చూసుకున్నాడు. జితేందర్ సార్ అమ్మా అన్నాడు, ఇంకోసారి అమ్మా అన్నాడు. ఆమె చివరి పేజీ తిప్పింది.

"ఏమున్నదే గాడ?" అంది సుప్రియ నల్లద్దాలు ఇటు తిప్పి.

"ఇదంత నాకు నా భాషల వివరంగ చెప్పిండ్రు, నాకు అర్థమైంది అని ఉన్నది."

"నేనట్ల చెప్పిన్నా?"

"చెప్పినవ్. కింద సంతకం నీదే. ఇంకొకటి గూడ ఉన్నది, నాకున్న అనుమానాలన్ని అడిగిన, అన్నిటికి జవాబు చెప్పిండ్రు అని."

"ఏం అడిగిన్నంట నేను?" అంది సుప్రియ.

రజిత కాగితం ముక్కు మీద నుంచి దించింది. ఎదురుగా తెల్లకోటు ఉంది, దానిపైన మొహం ఉండాల్సినచోట మసక ఉంది. ఆ మసక వైపే తలెత్తింది.

"మేము అడిగినమని రాసిండ్రు సార్. ఇంక అడగలే. ఇప్పుడు అడుగుతం. ఫస్టు దీనివి అడుగుత, దీని కండ్లు అయిపోయినయి. నా సంగతి తర్వాత."

"చాలామంది వెయిట్ చేస్తున్నారమ్మా," అన్నాడు డాక్టరు నిలబడే.

తలుపు దగ్గర దగ్గు వినబడింది. ఏసురత్నం లోపలికి వచ్చాడు, చెప్పులు బయట విడిచి, ఎవరూ రమ్మనకుండానే వచ్చాడు. ఎవరికీ దండం పెట్టలేదు. గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ రెండు చేతులతో ఎత్తి తెచ్చి డాక్టరు వెనక వేశాడు.

"కూసోండ్రి సార్," అన్నాడు. "బిడ్డ అడుగుతది."